నలభై మూడో నంబరు

తూజ్లాలో బస్టాండు వెనక బూట్ల కొట్టు నాది.
నాది అంటే, అందులో జీతం నాది.
మనిషి గుమ్మం దాటేలోపే పాదం సైజు చెప్పేస్తాను.
నలభై మూడు అడిగినవాళ్ల మొహంలోకి మాత్రం
ఒక్క క్షణం ఎక్కువ చూస్తాను.
నాన్నది నలభై మూడు. అమ్మ చెప్పింది.

అమ్మ ఇంకా చాలా చెప్పింది.
నాన్న ఈల వేస్తే
ద్రీనా అవతలి గట్టు మీద మేకలు తలెత్తేవని.
అక్రోట్లంటే ప్రాణమని.
రెండేళ్ల తర్వాత, అక్రోటు తగిలితే ఒళ్లంతా దద్దుర్లని.
ఎడమచేతి వాటమని.
ఇంకో రాత్రి, కుడిచేతి నిండా గొడ్డలి కాయలని.
లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో
అబద్ధానికో గీత గీసుకున్నాను.
పదమూడేళ్లకి పద్నాలుగు గీతలు.

ఆ జూలైలో మగవాళ్లు అడవి దారి పట్టారు.
ఆడవాళ్లు లారీలెక్కారు.
అమ్మకే ఇంకా సరిగ్గా తెలియని నేను కూడా ఎక్కాను.
తర్వాత మా శరణార్థుల కాలనీలో
నాన్న ఉన్న పిల్ల అజెమినా ఒక్కతే.
దాన్ని మేం ఆటలోకి రానిచ్చేవాళ్లం కాదు.

పంతొమ్మిదో ఏట వేలికి సూది గుచ్చి
అట్టముక్క మీద నాలుగు చుక్కలు తీసుకున్నారు.
నేను ఎన్నడూ చూడని మనిషిని
నా నెత్తురు ఆనవాలు పడుతుందట.
నాకు తెలియనిది దానికి తెలుసట.

ఎనిమిదేళ్లు.
ఒక మంగళవారం ఫోను.
ఎడమకాలు దొరికింది, తొడ నుంచి మడమ దాకా.
ఒక గోతిలోంచి ఇంకో గోతిలోకి
యంత్రాలతో తోడి పోసినప్పుడు
మనుషులు ఒకరిలో ఒకరు కలిసిపోయారట.
ఆ గొంతు ఎంత మర్యాదగా ఉందంటే
థాంక్సండీ అన్నాను.

ఇప్పుడే మట్టిస్తారా,
మిగతాది దొరికేదాకా ఆగుతారా,
సంతకం పెట్టాలి.
అమ్మ ఆ కాగితం బోర్లించి
దాని మీదే ఉల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టింది.
నాకు ఒళ్లు మండింది.
అక్రోట్లు ఇష్టమా, పడవా?
మట్టిచ్చే ముందు ఒక్క నిజం చెప్పు, అన్నాను.

చాకు కింద పెట్టింది.
"పదకొండు నెలల కాపురం, అద్వియా.
అందులో సగం నేలమాళిగలో, చీకట్లో,
పైన ఫిరంగులు పేలుతుంటే.
నువ్వేమో రాత్రికో నాన్నని అడిగేదానివి.
ఎక్కణ్ణుంచి తేను?"

కాసేపయ్యాక,
"ఈల మాత్రం నిజం.
మేకల సంగతి నాకు తెలీదు."

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను, చింపేద్దామనే.
ఇరవై ఏళ్లు దాటీ దాటని ఒక ఆడది,
పొయ్యిలోకి కట్టెలు లేని చలికాలాల్లో,
జ్వరంతో నిద్రపోని పిల్లకి
లేని మనిషిని కొంచెం కొంచెంగా వండి పెట్టింది.
నేను తిన్నాను కదా.
ఒంటబట్టింది కదా.
ఇప్పటికీ అక్రోట్లు చూస్తే నాకు నోరూరుతుంది,
దురదా పెడుతుంది.

జూలైలో మట్టిచ్చాం.
ఆకుపచ్చ గుడ్డ కప్పిన పెట్టె,
పక్కనున్న పెట్టెలంత పొడుగే.
మోసినవాళ్లు బరువు నటించారు.
రిజాహ్ మామయ్యయితే
మధ్యలో ఒకసారి భుజం కూడా మార్చుకున్నాడు.

సోమవారం కొట్టు తెరిచాను.
ఒకతను వచ్చాడు. ఇరవై ఆరుంటాయి,
నాన్న ఆగిపోయిన వయసు. నాకంటే చిన్నవాడు.
నలభై మూడు, అన్నాడు.
మోకాళ్ల మీద కూచుని లేసులు కట్టాను,
ముందు ఎడమకాలికి.
నడిచి చూడండి, అన్నాను.

అద్దం దాకా వెళ్లి వచ్చాడు.
కొంచెం బిగుతుగా ఉన్నాయి,
నలభై నాలుగుందా, అన్నాడు.